ఏ దేశ జవానుకు గట్టి శిక్షణ? రీల్స్ చూసి తేల్చేయకండి!

పొద్దున్నే రన్నింగ్ అయిపోయి, గ్రౌండ్‌లో షూ విప్పుకుంటూ కూర్చున్నప్పుడు మీ బ్యాచ్‌లో ఈ చర్చ వచ్చే ఉంటుంది. ‘అమెరికా మెరైన్ల ముందు ఎవ్వరూ ఆగరు’ అని ఒకరంటే, ‘ఇజ్రాయెలోళ్ల ట్రైనింగ్ చూసినవా అసలు?’ అని ఇంకొకరు. ‘మన గూర్ఖా ఒక్కడు చాలు పోరా’ అని మరొకరు. వేల్పూర్‌లోనే కాదు, ఆర్మూర్, బోధన్, నిజామాబాద్ ఎక్కడ ఆర్మీ ర్యాలీకి తయారవుతున్న కుర్రాళ్లు కనిపించినా ఈ ముచ్చట మామూలే. ఫోన్లో నిమిషం వీడియో చూసి ఏ సైన్యం గొప్పదో తేల్చేస్తుంటారు.

ఆ చర్చ సరదాకైతే పర్వాలేదు. కానీ మీరు నిజంగా యూనిఫాం వేసుకోవాలనుకుంటే, సైనిక శిక్షణను ఎట్లా కొలుస్తారో తెలుసుకోవాలి. మీరు చేరబోయే ఉద్యోగం ఏమిటో అప్పుడే అర్థమవుతుంది. విదేశీ సైన్యాల పేరు చెప్పి మోసం చేసే ఏజెంట్ల నుంచి కూడా ఆ అవగాహనే మిమ్మల్ని కాపాడుతుంది.

వారాల లెక్క ఇదీ

ముందుగా అందరూ అడిగేది ఒకటే: ఎన్ని వారాలు? అమెరికా ఆర్మీలో చేరే ప్రతి ఒక్కరికీ 10 వారాల ప్రాథమిక పోరాట శిక్షణ ఉంటుంది. ఇన్‌ఫాంట్రీ, అంటే పదాతిదళంలోకి వెళ్లేవారికి ప్రాథమిక శిక్షణ, పదాతి శిక్షణ కలిపి ఒకేచోట 22 వారాలు ఇస్తారు. ఇది ఒకప్పుడు 14 వారాలే. కొత్త సైనికులకు తుపాకీ వాడకం, మ్యాప్ చదవడం, ప్రథమ చికిత్సలో పట్టు చాలడం లేదని గుర్తించి పెంచారు. అమెరికా మెరైన్ల రిక్రూట్ శిక్షణ 13 వారాలు. చివర్లో ‘క్రూసిబుల్’ అనే 54 గంటల పరీక్ష ఉంటుంది. తిండి, నిద్ర తగ్గించి, బరువులతో నడిపిస్తూ బృందంగా సమస్యలు పరిష్కరింపజేస్తారు.

బ్రిటన్‌లో పదాతి సైనికుడి శిక్షణ కాటెరిక్‌లో దాదాపు ఆరు నెలలు. నేపాల్ నుంచి బ్రిటిష్ సైన్యంలో చేరే గూర్ఖాలకు అదే కేంద్రంలో దాదాపు తొమ్మిది నెలలు. భాష, సంస్కృతి పాఠాలు కూడా అందులో కలుస్తాయి. సింగపూర్‌లో జాతీయ సేవకు వచ్చేవారికి టెకాంగ్ దీవిలో 9 వారాల ప్రాథమిక శిక్షణ ఉంటుంది. దక్షిణ కొరియాలో అయితే మొదటి శిక్షణ 5 వారాలే.

మన దగ్గర అగ్నిపథ్‌కు ముందు పదాతి రిక్రూట్‌కు సుమారు 34 వారాల శిక్షణ ఉండేది. ఇప్పుడు అగ్నివీరులకు విభాగాన్ని బట్టి ఆరు నుంచి ఏడు నెలలు. హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో 2023లో మొదటి అగ్నివీర్ బ్యాచ్‌కు 31 వారాల ప్రణాళిక పెట్టారు. అందులో 10 వారాలు ప్రాథమిక సైనిక శిక్షణ, 21 వారాలు ఫిరంగి దళానికి సంబంధించిన ప్రత్యేక శిక్షణ.

ఈ అంకెలు చూసి ‘34 గొప్ప, 5 తక్కువ’ అనుకుంటే పొరపాటు పడ్డట్టే. ఎందుకో చూద్దాం.

వారాలు చెప్పని సంగతులు

మొదటిది, ఎవరికి శిక్షణ ఇస్తున్నారన్నది. భారత్, అమెరికా, బ్రిటన్ సైన్యాల్లో ఇష్టపడి చేరేవారే ఉంటారు. కొరియా, సింగపూర్, ఇజ్రాయెల్‌లో చట్ట ప్రకారం యువకులంతా కొంతకాలం సేవ చేయాలి. కొరియా ఆర్మీలో ఆ కాలం 18 నెలలు, సింగపూర్‌లో రెండేళ్లు. ఇజ్రాయెల్‌లో మగవాళ్లకు రెండున్నరేళ్ల పైనే. ఆడపిల్లలకూ అక్కడ తప్పనిసరి సేవ ఉంది. నార్వేలో 2015 నుంచి ఆడ, మగ తేడా లేకుండా ఈ నియమం వర్తిస్తోంది. ర్యాలీలో వందల మందిని దాటి ఎంపికైన కుర్రాడికి ఇచ్చే శిక్షణ ఒక తీరుగా ఉంటుంది. పిలుపు రాగానే కాలేజీ నుంచో దుకాణం నుంచో వచ్చినవాడికి ఇచ్చేది మరో తీరు. రెండింటినీ ఒకే తూకంలో వేయలేం.

రెండోది, ప్రాథమిక శిక్షణ తర్వాత ఏం జరుగుతుందన్నది. ట్రైనింగ్ సెంటర్ నుంచి పాస్ అవుట్ అయినవాడు సైనికుడిగా మొదటి మెట్టు ఎక్కాడంతే. అసలు పని యూనిట్‌లో నేర్చుకుంటాడు. సెక్షన్‌లో పదిమందితో కలిసి కదలడం, రాత్రిపూట గస్తీ, నిజమైన గుండ్లతో ఫైరింగ్, కొత్త చోటికి వెళ్లే ముందు ఆ చోటికి తగ్గ ప్రత్యేక శిక్షణ అక్కడే ఉంటాయి. కొరియాలో 5 వారాల తర్వాత కుర్రాడిని వదిలేయరు, యూనిట్‌లో శిక్షణ సాగుతూనే ఉంటుంది. సింగపూర్‌లో రెండేళ్లు పూర్తయినా రిజర్వ్ సైనికుడిగా ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పిలుస్తారు.

మూడోది, యుద్ధం వస్తే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. 2022 నుంచి ఉక్రెయిన్ రిక్రూట్లకు బ్రిటన్‌లో ‘ఇంటర్‌ఫ్లెక్స్’ పేరుతో శిక్షణ ఇస్తున్నారు. మొదట్లో ఆ కోర్సు మూడు వారాలే. బతికి ఉండటానికి అవసరమైనవాటినే అందులో పెట్టారు: తుపాకీ వాడకం, గాయాలకు కట్టు, కందకంలో పోరాటం, పేలుడు పదార్థాలను గుర్తించడం. అంతకంటే ఎక్కువ నేర్పాలని లేక కాదు, టైం లేక.

ఇదే కోణంలో మన దగ్గరా ఒక చర్చ నడుస్తోంది. అగ్నివీరుడి నాలుగేళ్లలో శిక్షణా కాలం కూడా కలిసే ఉంటుంది. క్లిష్టమైన ఆయుధాలు, టెక్నికల్ పనుల్లో పట్టు రావడానికి ఈ సమయం చాలదని కొందరు మాజీ అధికారులు అంటున్నారు. సైన్యం సగటు వయసు తగ్గుతుంది, కొత్త టెక్నాలజీని కుర్రాళ్లు త్వరగా అందుకుంటారని ప్రభుత్వం చెబుతోంది. ఆ రెండు వాదనలూ తెలుసుకునే మీరు దరఖాస్తు చేయాలి.

ఫిట్‌నెస్ పరీక్ష.. దేశానికో తీరు

ర్యాలీలో మీరు 1.6 కిలోమీటర్లు ఉరకాలి. 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు. 10 పుల్‌అప్స్ కొడితే 40 మార్కులు. 9 అడుగుల గుంత దూకాలి, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ మీద నడవాలి. చాలామంది ప్రిపరేషన్ ఇక్కడితో ఆగిపోతుంది.

కానీ సైన్యంలోకి వెళ్లాక కొలమానం మారుతుంది. మన ఆర్మీ ‘బీపీఈటీ’ అనే పోరాట దారుఢ్య పరీక్షలో రైఫిల్, సామగ్రితో 5 కిలోమీటర్లు పరిగెత్తాలి. నిలువు తాడు ఎక్కాలి, అడ్డ తాడు మీద దాటాలి. షార్ట్స్ వేసుకుని మైలు ఉరికినవాడికి, బూట్లతో బరువు మోస్తూ ఉరికేవాడికి తేడా మీకే తెలుస్తుంది.

అమెరికా ఆర్మీ 2025 జూన్‌లో తన పరీక్షను మార్చింది. ఇప్పుడు అయిదు అంశాలు: నేల నుంచి బరువు ఎత్తడం, చేతులు పైకి లేపి చేసే పుషప్స్, పరుగు-లాగుడు-మోత కలిసిన రౌండ్, ప్లాంక్, రెండు మైళ్ల పరుగు. పోరాట విభాగాల్లో ఆడ, మగ అందరికీ ఒకే కటాఫ్ పెట్టారు. గాయపడ్డ తోటి సైనికుడిని లాక్కొచ్చే బలం, మందుగుండు పెట్టెలు మోసే బలం అక్కడ చూస్తారు. సింగపూర్ పరీక్షలో 2.4 కిలోమీటర్ల పరుగు, నిమిషం పుషప్స్, నిమిషం సిటప్స్ ఉంటాయి. రిజర్వ్‌లో ఉన్నవాళ్లు కూడా దాన్ని రాయాల్సిందే.

నేపాల్ కొండల్లో బ్రిటిష్ గూర్ఖా ఎంపిక అయితే మరో రకం. నుదుటికి పట్టీ కట్టి, వీపు మీద డోకో బుట్టలో 25 కిలోల ఇసుకతో 5 కిలోమీటర్లు ఎత్తు ఎక్కాలి. కల్లం నుంచి పసుపు బస్తాలు మోసిన అలవాటున్న మన పల్లె కుర్రాళ్లకు ఆ కష్టం కొంత ఊహకు అందుతుంది.

ఏ దేశం తన సైనికుడి నుంచి ఏ పని ఆశిస్తుందో దాన్నే పరీక్షలో పెడుతుంది. అందుకే ఒక దేశం పరీక్షలో ఫస్ట్ వచ్చినవాడు ఇంకో దేశం పరీక్షలో తడబడొచ్చు.

నేలను బట్టి యుద్ధం

నిజామాబాద్ ప్రాంతం సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. ఇక్కడ మీరు ఎంత స్పీడుగా ఉరికినా, లద్దాఖ్‌లో దిగిన మొదటి రోజు నాలుగు మెట్లు ఎక్కగానే ఆయాసపడతారు. గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి తక్కువ. అందుకే మన ఆర్మీ సైనికులను ఒక్కసారిగా పైకి పంపదు. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య 6 రోజులు, 15,000 అడుగుల దాకా 4 రోజులు, ఆపైన మరో 4 రోజులు శరీరాన్ని అలవాటు చేస్తుంది. తొందరపడితే ఊపిరితిత్తుల్లో, మెదడులో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ సంగతి మన జిల్లాకు కొత్తేం కాదు. సిరికొండ మండలం పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లద్దాఖ్‌లలో మెట్టు మెట్టుగా శిక్షణ తీసుకున్నాకే ఆమె ఆ శిఖరం దాకా వెళ్లగలిగింది.

ఎత్తయిన ప్రాంతాల పోరాటం నేర్పడానికి మన ఆర్మీకి గుల్మార్గ్‌లో ‘హాస్’ అనే ప్రత్యేక పాఠశాల ఉంది. మిజోరంలోని వైరెంగ్టేలో అడవి యుద్ధం, తిరుగుబాట్ల అణచివేత నేర్పుతారు. ఈ రెండు చోట్లకూ విదేశీ సైనికులు వచ్చి నేర్చుకున్నారు. వైరెంగ్టేకు వచ్చినవాళ్లలో అమెరికన్లు కూడా ఉన్నారు. 1984 నుంచి సియాచిన్‌లో నిలబడి ఉన్న సైన్యానికి మంచు గురించి ఉన్న అనుభవం పుస్తకాలు చదివితే వచ్చేది కాదు.

అదే సమయంలో ఒప్పుకోవాల్సిందీ ఉంది. ఒక్కో సైనికుడి మీద పెట్టే ఖర్చు, రాత్రి చూపు పరికరాలు, కంప్యూటర్ ఆధారిత సిమ్యులేటర్లు, గాయపడినవారిని హెలికాప్టర్‌లో తరలించే సదుపాయాల్లో అమెరికా సైన్యం ముందుంది. కష్టాన్ని ఓర్చుకోవడం, పర్వతాల్లో, సరిహద్దులో ఏళ్ల తరబడి కాపలా కాసిన అనుభవం మన బలం.

2020 జూన్ 15 రాత్రి గాల్వన్ లోయలో తుపాకులు పేలలేదు. దాదాపు 14,000 అడుగుల ఎత్తులో, గడ్డకట్టే చలిలో, చేతులతోనూ రాళ్లతోనూ రాడ్లతోనూ పోరు జరిగింది. ఆ రాత్రి 16 బిహార్ రెజిమెంట్‌ను ముందుండి నడిపిన కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. ఆయనతో సహా 20 మంది మన సైనికులు అమరులయ్యారు. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించారు. అట్లాంటి రాత్రిని ఏ ఫిట్‌నెస్ టెస్టూ ముందుగా కొలవలేదు.

ఒకే గ్రౌండ్‌లో దిగితే..

పోలిక నిజంగా చూడాలంటే వేర్వేరు సైన్యాలు ఒకే నేల మీద దిగాలి. అట్లాంటి వేదికలు ఉన్నాయి. వేల్స్ కొండల్లో బ్రిటిష్ ఆర్మీ 1959 నుంచి నిర్వహిస్తున్న ‘కేంబ్రియన్ పెట్రోల్’ ఒకటి. ఎనిమిది మంది బృందం బరువులు మోస్తూ 48 గంటల్లో సుమారు 60 కిలోమీటర్లు నడవాలి. దారిలో శత్రువు సమాచారం సేకరించాలి, గాయపడినవారికి చికిత్స చేయాలి, నది దాటాలి. ఇందులో ఫస్ట్, సెకండ్ ఉండవు. నిర్ణయించిన ప్రమాణం అందుకున్న ప్రతి జట్టుకూ పతకం ఇస్తారు. 2021లో 96 జట్లు పాల్గొంటే, మన 5 గూర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్ జట్టు స్వర్ణం సాధించింది.

భారత్, అమెరికా కలిసి చేసే ‘యుధ్ అభ్యాస్’ మరొకటి. 2022లో ఉత్తరాఖండ్‌లోని ఔలీలో, 2024లో రాజస్థాన్‌లోని మహాజన్ ఎడారిలో జరిగింది. 2025 సెప్టెంబరులో అలాస్కాలో జరిగినప్పుడు మన వైపు నుంచి వెళ్లింది మద్రాస్ రెజిమెంట్ బెటాలియన్. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ యువకులు తరతరాలుగా చేరుతున్న రెజిమెంట్ అది. దాని కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. ఇట్లాంటి విన్యాసాల్లో ఎవరు గెలిచారన్నది చూడరు. ఒకరి పద్ధతులు ఒకరు నేర్చుకుంటారు.

మీ మండలం నుంచే ఒక పేరు

మద్రాస్ రెజిమెంట్ అనగానే వేల్పూర్ మండలంలో గుర్తొచ్చే పేరు ర్యాడ మహేశ్. కోమన్‌పల్లికి చెందిన ఈ జవాను 18 మద్రాస్ బెటాలియన్‌లో పనిచేస్తూ, 2020 నవంబరు 8న జమ్మూకశ్మీర్ మాఛిల్ సెక్టార్‌లో చొరబాటుదారులతో జరిగిన పోరులో అమరుడయ్యారు. అదే పోరులో ఆయన బెటాలియన్‌కే చెందిన కెప్టెన్ అశుతోష్ కుమార్, చిత్తూరు జిల్లా హవిల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి, ఒక బీఎస్ఎఫ్ జవాను కూడా ప్రాణాలిచ్చారు.

శిక్షణ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరచిపోకూడదు. ఎంత గట్టి శిక్షణ అయినా ప్రాణాలకు గ్యారంటీ ఇవ్వదు. ప్రమాదాన్ని తగ్గిస్తుంది, పక్కనున్నవాడిని కాపాడే ఛాన్స్ పెంచుతుంది. ఈ కొలువు ఎంచుకునే ముందు మీరూ, మీ అమ్మానాన్నలూ కూర్చుని దీని గురించి మాట్లాడుకోవాలి.

కొద్దిరోజుల ట్రైనింగ్‌తో ఫ్రంట్‌కు.. జాగ్రత్త!

నిజామాబాద్ పల్లెలకు గల్ఫ్ ఏజెంట్ల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇప్పుడు మోసం కొత్త దారి పట్టింది. ‘రష్యాలో హెల్పర్ ఉద్యోగం, సెక్యూరిటీ పని, లక్ష జీతం’ అని చెప్పి తీసుకెళ్లిన యువకుల చేత అర్థం కాని భాషలో ఒప్పందాలపై సంతకం పెట్టించి, కొద్దిరోజుల శిక్షణతోనే ఉక్రెయిన్ సరిహద్దుకు పంపారు. 2024లో హైదరాబాద్ యువకుడు ఒకరు అక్కడే ప్రాణాలు కోల్పోయారు. నారాయణపేట జిల్లా యువకుడు అదే ఏడాది సెప్టెంబరులో ఎట్లాగో బయటపడి ఇంటికి చేరాడు. ఏజెంట్లపై 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టింది. జులైలో మాస్కో వెళ్లిన ప్రధాని ఈ విషయాన్ని రష్యా అధ్యక్షుడి వద్ద ప్రస్తావించారు.

పైన చదివిన లెక్కలు ఇక్కడ పనికొస్తాయి. మంచి సైన్యం ఏదైనా కొత్తవాడికి నెలల తరబడి నేర్పుతుంది. ఆ దేశ భాషలో ఇచ్చిన ఆదేశం అర్థమయ్యేదాకా ఆగుతుంది. వారం, పది రోజుల్లో తుపాకీ ఇచ్చి పంపేవాళ్లకు మీ ప్రాణం మీద పట్టింపు లేదని గ్రహించండి. విదేశీ ఉద్యోగం ఏదైనా, ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్స్ ఉందో లేదో చూసుకోండి. మీకు చదవడం రాని భాషలోని కాగితం మీద సంతకం పెట్టకండి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఇక మీ తయారీ

2001లో బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించుకున్న వేల్పూర్‌లో పదో తరగతి పాసైనవారికి ఇప్పుడు కొదవ లేదు. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదిలో మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 శాతం మార్కులు ఉండాలి. మన రాష్ట్రంలో అబ్బాయిలకు కావాల్సిన ఎత్తు 166 సెంటీమీటర్లు. తెలంగాణ జిల్లాల నియామకాలను సికింద్రాబాద్ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీస్ చూస్తుంది. అమ్మాయిలకు మిలిటరీ పోలీస్ విభాగంలో అవకాశం ఉంది. 2021 మేలో బెంగళూరులో 83 మందితో తొలి మహిళా బ్యాచ్ శిక్షణ ముగించుకుని బయటకొచ్చింది.

2023 నుంచి రాత పరీక్ష ముందు, ర్యాలీ తర్వాత. అంటే గ్రౌండ్‌కు వెళ్లాలంటే ముందు లెక్కలు, జనరల్ నాలెడ్జ్, సైన్స్, రీజనింగ్‌లో నెగ్గాలి. ‘రన్నింగ్ బాగా కొడతా, చదువు తర్వాత’ అనుకునే రోజులు పోయాయి.

పరుగును చిన్న ముక్కలుగా చూడండి. మీ హైస్కూల్ గ్రౌండ్‌లో 200 మీటర్ల రౌండ్ గీసుకుంటే, ఒక్కో రౌండ్ 41 సెకన్లలో, ఎనిమిది రౌండ్లు పూర్తి చేయాలి. మొదటి రౌండ్ 35 సెకన్లలో ఉరికి ఆరో రౌండ్‌లో కూలబడేవాళ్లు చాలామంది. అన్ని రౌండ్లూ ఒకే వేగంతో సాగితేనే ఫలితం. సిమెంట్, తారు రోడ్డు మీద రోజూ ఉరికితే మోకాలి కింది ఎముక నొప్పి పడుతుంది. మట్టి నేల ఎంచుకోండి, వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వండి. ఎండాకాలం ఎనిమిది దాటాక ఉరకొద్దు. నొప్పి మాత్ర వేసుకుని ఉరకడం, ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్ తీసుకోవడం అసలే వద్దు. పుల్‌అప్స్ ఒక్కటీ రాకపోతే ముందు కడ్డీ పట్టుకుని వేలాడటం, ఆ తర్వాత పై నుంచి మెల్లగా దిగడం ప్రాక్టీస్ చేయండి.

జీతం సంగతీ లెక్కగట్టుకోండి. మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు, అందులో 30 శాతం సేవా నిధికి పోగా చేతికి 21,000 వస్తాయి. నాలుగో ఏడాది 40,000. నాలుగేళ్లకు సుమారు 11.71 లక్షల సేవా నిధి చేతికందుతుంది. పింఛను ఉండదు. శాశ్వత సేవకు తీసుకునేది 25 శాతం వరకే. మిగతావాళ్లకు కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో కోటా ఉంది. కాబట్టి సర్వీసులో ఉండగానే డిగ్రీ, టెక్నికల్ సర్టిఫికెట్ లాంటివి పూర్తి చేసుకుంటే 22, 23 ఏళ్లకు బయటకొచ్చినా దారి దొరుకుతుంది. వయసు, కటాఫ్ టైమింగ్‌లు ఏటా మారొచ్చు. తాజా నోటిఫికేషన్‌ను ఆర్మీ అధికారిక వెబ్‌సైట్‌లోనే చూడండి, వాట్సాప్ ఫార్వర్డ్‌లు నమ్మకండి.

రేపు గ్రౌండ్‌లో మళ్లీ ‘ఏ సైన్యం గొప్ప?’ అన్న చర్చ వస్తే నాలుగు ప్రశ్నలు వేయండి: చేరింది ఇష్టపడా, చట్టం పిలిస్తేనా? ట్రైనింగ్ సెంటర్ తర్వాత యూనిట్‌లో ఏం నేర్పుతారు? ఏ నేల మీద పోరాడటానికి తయారు చేస్తున్నారు? గాయపడితే వెనక్కి తెచ్చే ఏర్పాటు ఎంత? వీటికి జవాబులు వెతికితే ఆ చర్చలో మీకే నాలుగు కొత్త విషయాలు తెలుస్తాయి. ఆ తర్వాత లేచి ఇంకో రెండు రౌండ్లు వేయండి. 41 సెకన్లు మరచిపోవద్దు.